సకినాలు చుట్టే చేతికి నాజిళ్ల కొరతా?

ఆన్‌లైన్ అంగళ్లలో ‘కేక్ డెకరేషన్ సెట్’ అని వెతికితే వందకు పైగా సామాన్లున్న పెట్టెలు వరుసగా కనిపిస్తాయి. తిరిగే పీట, వంపు కత్తులు, స్క్రేపర్లు, గులాబీ మేకు, డజన్ల కొద్దీ నాజిళ్లు, వాటిని కడగడానికి మళ్లీ ఒక బుల్లి బ్రష్షు. జగిత్యాల జిల్లా సారంగాపూర్‌లో కూర్చుని ఫోన్‌లో ఆ బొమ్మలు చూసే ఇల్లాలికి రెండు మాటలు వినిపిస్తాయి. ఇవేవీ నీ ఇంట్లో లేవు, ఇవి లేకుండా కేకు కుదరదు. మొదటి మాట నిజమే. రెండోది సరుకు అమ్ముకునేవాళ్ల మాట.

మండల కేంద్రాల కిరాణా కొట్లలోకి బేకింగ్ పౌడర్, వెనీలా ఎసెన్స్, కోకో పొడి దాకా వచ్చేశాయి. క్రీమును పువ్వుగానో ఆకుగానో బయటికి పంపే రేకు మూతి, అదే నాజిల్, అడిగితే మాత్రం ‘అదేంది’ అంటారు. దానికి జగిత్యాల పోవాలి, లేదంటే కరీంనగర్, అక్కడా కుదరకపోతే హైదరాబాద్ బేగంబజార్. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు కానీ పిల్లవాడి పుట్టినరోజు ఎల్లుండి అని ఇయ్యాల గుర్తొచ్చే ఇళ్లకు ఆ దారి పనికిరాదు.

2020 మార్చి ఆఖర్లో దేశమంతా లాక్‌డౌన్ పడ్డప్పుడు బేకరీలు మూతపడ్డాయి, పుట్టినరోజులు మాత్రం ఆగలేదు. బిస్కెట్ ప్యాకెట్లు మిక్సీలో పొడి చేసి, పాలు పోసి, ఈనో కలిపి కుక్కర్‌లో పెట్టిన కేకులతో చాలా ఇళ్లలో ఈ విద్య మొదలైంది. ఓవెన్ లేని లోటు అప్పుడే తీరిపోయింది. మిగిలింది పైపూత, దాని మీది పువ్వులు, పేరు.

ఈ ప్రాంతంలో ఆ పైపూతకు ఇంకో బరువు కూడా ఉంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ తక్కువ. దుబాయ్‌లోనో దోహాలోనో డ్యూటీ దిగి క్యాంపు గదికి చేరిన తండ్రి వీడియో కాల్‌లోకి వస్తేనే ఇక్కడ కేకు మీద కత్తి పడుతుంది. ‘బాపూ, కేకు సూడు’ అంటూ పిల్ల ఫోన్‌ను కిందికి వంచుతుంది. అంత దూరానికి రుచి పోదు, వాసన పోదు. పోయేది ఆ గులాబీ రంగు అంచు, మధ్యలో పేరు, అంతే. అందుకే గీత వంకర పోయిందని తల్లి పడే ఆరాటాన్ని తీసిపారేయడానికి లేదు.

అయితే ఆ ఆరాటానికి మందు నూరు సామాన్ల పెట్టె కాదు. కేకు అలంకరణకు కావలసిన చేతి నేర్పు ఇక్కడి ఆడవాళ్ల దగ్గర తరాలుగా ఉంది. దాని ముందు సామాను లేకపోవడం చిన్న లోటు, ఇంట్లో ఉన్నవాటితో పూడ్చుకోగలిగిన లోటు. కాకపోతే ఎక్కడిదాకా సర్దుకోవచ్చో, ఎక్కడ సర్దుకోకూడదో తెలియాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందుల వ్యవహారం. పాల కవరుతో క్రీము పిండడానికి నామోషీ పడేవాళ్లే, ఏముందో తెలియని మెరుపు పొడిని కేకు మీద దోసిలితో చల్లుతున్నారు.

మన దేశంలో కేకు కథే సర్దుబాటుతో మొదలైంది. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు 1880లో రాయల్ బిస్కెట్ ఫ్యాక్టరీ పెట్టాడు. 1883 క్రిస్మస్‌కు ముందు, అంజరకండి దాల్చినచెక్క తోటల దొర మర్డాక్ బ్రౌన్ ఇంగ్లండ్ నుంచి తెచ్చిన కేకు ముక్క రుచి చూపించి, ఇలాంటిది చెయ్యగలవా అని అడిగాడట. బాపు దగ్గర అచ్చు లేదు. ధర్మడంలో ఒక కమ్మరితో చేయించుకున్నాడు. దొర ఫ్రెంచి బ్రాందీ కలపమన్నాడు. బాపు జీడిమామిడి పండూ కదళి అరటీ వేసి కాచిన నాటు సరుకు పోశాడు. తిన్న దొర ఇంకో డజను చెయ్యమన్నాడని తలశ్శేరిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కమ్మరి అచ్చుతో, నాటు సారాతో తయారైన దాన్నే భారతీయుడి చేతి తొలి క్రిస్మస్ కేకు అని పత్రికలు ఏటా డిసెంబర్‌లో రాస్తుంటాయి. అప్పుడు ఎవరూ దాన్ని ‘అసలు సామాను లేని కేకు’ అనలేదు.

అలంకరణను కొలతలు, నంబర్లు ఉన్న సరుకుగా మార్చిన ఘనత చాలావరకు అమెరికన్లది. 1929లో షికాగోలో డ్యూయీ మెకిన్లీ విల్టన్ చక్కెర పూల పని నేర్పే తరగతులు మొదలుపెట్టాడు. ఆ ఇంటిపేరుతో ఎదిగిన కంపెనీ నంబర్లే ఇప్పుడు ఇంటింటి బేకర్ల నోట్లో నానుతున్నాయి. గులాబీ చుట్టకు 1ఎం, విడి రేకులకు 104, ఆకుకు 352. యూట్యూబ్ చూసి నేర్చుకున్న సారంగాపూర్ ఆడపిల్ల కూడా ‘వన్ ఎం’ అనే అంటుంది. నంబరు రావడం మంచిదే, ఎవరు ఏది అడుగుతున్నారో తేలిగ్గా తెలుస్తుంది. కానీ దాని వెంటే, నంబరు లేని చేతిపని ఉత్తదే అన్న చిన్నచూపూ వచ్చింది. పేరుమోసిన పేస్ట్రీ వంటవాళ్లు సన్నని గీతలకు, అక్షరాలకు ఇప్పటికీ కాగితంతో పొట్లం చుట్టుకునే పని చేస్తారన్న సంగతి ఆ వీడియోల్లో అంతగా కనిపించదు. ఎందుకంటే దానికి అమ్మడానికి ఏమీ ఉండదు.

సంక్రాంతి ముందు సకినాలు చేసే ఇంటికి పోయి చూస్తే ఈ నేర్పు ఎక్కడుందో తెలుస్తుంది. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడి ఉండగానే పిండి పట్టిస్తారు. నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతారు. తెల్లటి నూలు బట్ట పరిచి చుట్టూ నలుగురు కూర్చుంటారు. గుప్పిట్లో పిండి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి దిగుతూ, దిగుతూనే పురి తిరుగుతూ, ముందు చిన్న సున్నా, దాని చుట్టూ ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. నీళ్లెక్కువైతే పురి నిలవదు, తక్కువైతే నడుమ తెగుతుంది. వేళ్ల ఒత్తిడి మారితే ఒకచోట లావు, ఒకచోట సన్నం. చుట్టు చుట్టుకు ఆనకపోతే నూనెలో విడిపోతుంది. అత్తగారి వరుసైన పెద్దమనిషి పక్కనే ఉండి, కొత్త కోడలి సకినం చూసి ‘ఇది సకినమా, వానపామా’ అని ఒక మాట అనకుండా ఊరుకోదు. రెండు పండుగలు తిరిగేసరికి ఆ కోడలే ఇంకొకరిని అంటుంది.

క్రీము పని నేర్పే ఏ క్లాసుకు పోయినా మొదట చెప్పేవి మూడు సంగతులు: ముద్ద ఎంత చిక్కగా ఉండాలి, ఎంత ఒత్తిడి పెట్టాలి, చేయి ఎంత వేగంగా కదలాలి. నాజిల్ ఈ మూడింట్లో ఒక్కదాన్నీ ఇవ్వదు. సకినాల బట్ట ముందు కూర్చున్న చేతికి మూడూ వచ్చు. వాకిట్లో చుక్కలు పెట్టి గీత తెగకుండా ముగ్గు లాగే చేయికి, పెళ్లింట్లో గోరింటాకు కోన్ పట్టిన పిల్లకూ వచ్చు. ఆ గోరింటాకు కోనే క్రీము కోన్. ప్లాస్టిక్ కాగితం చుట్టే తీరు ఒకటే, కొన కోసే తీరు ఒకటే. లోపల ఆకు ముద్ద బదులు క్రీము, అంతే తేడా.

కాగితం పొట్లం చుట్టడం ఇలా. బటర్ పేపర్‌ను చదరంగా కోసి, మూలకు మూల మడిచి కత్తిరిస్తే రెండు త్రికోణాలు వస్తాయి. పొడుగు అంచు నడిమి బిందువే రేపటి కొన. కుడి మూలను లోపలికి చుట్టి, ఎడమ మూలను దాని మీదుగా వెనక్కి తేవాలి. మూడు మూలలూ వెనక ఒకేచోట కలిసేదాకా లాగితే కొన సూదిగా మూసుకుంటుంది. మూలలు లోపలికి మడిచేస్తే పొట్లం విడిపోదు. స్టాప్లర్ పిన్ను కొట్టాలనిపిస్తుంది, కొట్టకూడదు. పిన్ను ఊడి క్రీములో కలిస్తే తినేది పసిపిల్లలు. సగం దాకే నింపి పైభాగం మడవాలి. నిండా నింపితే ఒత్తిడికి క్రీము వెనక నుంచి మోచేతికి కారుతుంది.

కొనను ఆవగింజంత కోస్తే పేరు రాయొచ్చు. ఇంకొంచెం పైకి కోస్తే చుక్కలు, పూసల అంచు. కొనను వేళ్లతో నొక్కి చదును చేసి, రెండు వైపుల నుంచీ ఏటవాలుగా కత్తిరిస్తే మధ్యలో ఈనెతో సహా ఆకు దిగుతుంది. 352 నంబరు చేసే పని అదే. నక్షత్రం మాత్రం కాగితంతో సగమే కుదురుతుంది. కత్తెరతో పళ్లు కోసినా నాలుగైదు పువ్వులకే కాగితం నాని పళ్లు వంగిపోతాయి. అప్పుడు మురుకుల గొట్టాన్ని గుర్తుచేసుకోవాలి. దానితో వచ్చే బిళ్లల్లో నడుమ ఒకే నక్షత్రం ఉన్నది ఒకటి ఉంటుంది. వెన్నతో చేసిన గట్టి బటర్‌క్రీమ్‌ను దాంతో ఒత్తితే అంచుకు గీతల గవ్వలు చక్కగా వస్తాయి. విప్డ్ క్రీమ్‌తో చేయకపోవడం మేలు, గొట్టంలో నలిగి గాలి పోయి కుంగుతుంది.

పాల కవరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కరీంనగర్ డెయిరీదైనా, విజయదైనా, పాలు పోసిన కవరు లోపలివైపు ఆహారానికి తగిన ప్లాస్టిక్కే. ఒక మూల పాలు పోసుకోవడానికి కోసి ఉంటుంది, ఎదుటి మూలను క్రీముకు వాడుకోవచ్చు. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి, మూలల్లో తడి లేకుండా ఆరబెట్టాలి. పాల జిడ్డు మిగిలితే క్రీముకు పులిసిన వాసన పడుతుంది. కడిగేటప్పుడు లోపలిది బయటికి తిప్పి, అలాగే వదిలేసి నింపేస్తారు కొందరు. అప్పుడు రంగు అక్షరాల అచ్చు ఉన్న వైపు క్రీముకు తగులుతుంది. మళ్లీ తిప్పుకోవాలి. ఒకసారి వాడి పారేయాలి. నింపడానికి ఇంకో చెయ్యి సాయం లేకపోతే కవరును స్టీలు గ్లాసులో నిలబెట్టి, అంచులు గ్లాసు మీదికి మడిస్తే సరి.

తిరిగే పీట లేకపోతే అంచున్న వెడల్పు పళ్లెంలో పిల్లల గోలీలు ఒక వరుస పరిచి, ఆ అంచులోపలే ఇమిడే పళ్లెం ఒకటి పైన పెట్టాలి. చిన్న తోపుకే తిరుగుతుంది. గోలీలు సమానమైన సైజువి కాకపోతే కేకు ఒకవైపు వాలుతుంది. క్రీము చదును చేయడానికి పన్నెండంగుళాల స్టీలు స్కేలు, బడిసంచిలోది కాదు, వంటింటికని కొన్నది. దాన్ని నిలువుగా పట్టుకుని పళ్లెం తిప్పితే పక్కలు నున్నగా వస్తాయి. గీతలు కావాలంటే ముళ్ల చెంచా. కేకును రెండు పొరలుగా కోయాలంటే పొడుగు కత్తి కన్నా దారమే నయం. చుట్టూ సగం ఎత్తులో గాటు పెట్టి, దారం ఆ గాటులో కూర్చోబెట్టి, రెండు కొనలూ అడ్డంగా లాగితే రంపపు కత్తికి రాలినంత పొడి కూడా రాలదు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేసే ఇళ్లలో దారం ఉండలు చేతికందే దూరంలోనే ఉంటాయి. బీడీల చాటలోది మాత్రం తియ్యకూడదు, దానికి పొగాకు ధూళి పట్టి ఉంటుంది.

బీడీల మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. తడిపిన తునికాకును రేకు ఫర్మా మీద పెట్టి కత్తెరతో కోయడం, చిటికెడు పొగాకు సమంగా పరచడం, చుట్టడం, కొన మడవడం, దారం కట్టడం. కూలి లెక్క వెయ్యికి. అంటే వెయ్యీ ఒక్కతీరుగా ఉండాలి, లేకపోతే కార్ఖానా దగ్గర సరిగా లేనివాటిని ఛాట్ అని ఏరి పక్కన పడేస్తారు. కళ్లు మూసుకుని ఒకే కొలతలో ఆకు చుట్టగలిగే వేళ్లకు కేకు అంచు మీద ముప్పై గవ్వలు సమానంగా పెట్టడం ఎంత పని? ఈ నేర్పును ఎవరూ నేర్పుగా లెక్కేయలేదు. కూలిగా లెక్కేశారు, అదీ తక్కువగా.

సిరిసిల్లలో మాత్రం చేతి నేర్పుకు కొంత పేరు దక్కింది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి నల్ల పరంధాములు ఆ ఊరికి తెచ్చిన గుర్తింపు తెలుగువాళ్లందరికీ తెలుసు. అదే ఊరి చేనేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని తన మగ్గం మీద నేసి పంపితే, ప్రధాని 2022 నవంబర్ మన్ కీ బాత్‌లో దాన్ని ప్రస్తావించారు. మగవాళ్ల చేతిలో మగ్గం మీద కనిపిస్తే కళ, ఆడవాళ్ల చేతిలో వంటింట్లో కనిపిస్తే అలవాటు. పత్రికలు కూడా ఈ తేడా నుంచి బయటపడలేదు.

ఇక సర్దుబాటు ఎక్కడ కుదరదో చెప్పకపోతే ఇదంతా ఒకవైపు మాటే అవుతుంది. అన్నింటికన్నా ముందు ఎండ. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే జగిత్యాలలో పనిముట్టు కన్నా క్రీమే పెద్ద చిక్కు. బీటర్ లేకపోతే చల్ల చేసే కవ్వం ఉంది. మంచుముక్కల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, గిన్నె, కవ్వం, క్రీము మూడూ చల్లగా ఉండగా ఓపికగా చిలికితే క్రీము నిలబడుతుంది. అయితే అది నిలబడే క్రీము అయివుండాలి. కూరల్లో వేసే మామూలు ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్‌లో కొవ్వు 25 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని కవ్వంతో కాదు, వేల రూపాయల మిషన్‌తో చిలికినా పువ్వు నిలవదు. కొవ్వు కనీసం 30 శాతం ఉన్న విప్పింగ్ క్రీమ్ కావాలి. చాలామంది నాజిల్ మంచిది కాదని తిట్టుకునేది ఈ సరుకు తేడా తెలియకే. మిక్సీ జార్‌లో తిప్పితే త్వరగా అవుతుంది కదా అని మొదలుపెడతారు. బ్లేడు వేడికి కరగడమో, రెండు తిప్పులు ఎక్కువై వెన్నగా విడిపోవడమో జరుగుతుంది.

పాతకాలం బేకరీల క్రీము గులాబీ ఎండకు చెక్కుచెదరకపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది వనస్పతి మహిమ, తింటే నాలుకకు మైనం పూసినట్టుండేది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. డాల్డా డబ్బాతో సర్దుకోవాలన్న ఆలోచన అక్కడితో ఆపుకోవడం మంచిది. ఎండాకాలం పువ్వులు తగ్గించి, నున్నటి పూత మీద మామిడి ముక్కలు పేర్చుకోవచ్చు. జగిత్యాలలో మామిడికి కరువేముంది.

కాటాకు కూడా బదులు లేదు. గ్లాసు కొలతతో కేకు ఒకరోజు పొంగుతుంది, ఒకరోజు కూర్చుంటుంది. ఇంట్లో తినడానికైతే నవ్వుకుని ఊరుకోవచ్చు, డబ్బు తీసుకుని చేసే కేకుకు కుదరదు. అలాగే పది కేకులు చేసి అమ్ముదామనుకున్న మనిషి 1ఎం నాజిల్ ఒకటి, చిన్న గుండ్రటిది ఒకటి కొనుక్కోవాలి. రేకు మూతి విడిగా కొంటే పెద్ద ఖరీదేం కాదు. కొనాల్సింది ఆ రెండు, నూట రెండు కాదు.

అసలు భయపడాల్సిన చోటు వేరే ఉంది. పనిముట్టుకు బదులు వెతకొచ్చు, నోట్లోకి పోయేదానికి వెతకకూడదు. కేకు మీద బంగారు, గులాబీ మెరుపుల పొడి చల్లడం ఇప్పుడు రివాజు. డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటే తినొచ్చని అనుకుంటారు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పుట్టినరోజు వేడుకలో అలాంటి పొడి దట్టంగా పూసిన కేకు తిని ఆరుగురు పిల్లలు వాంతులతో పడ్డారు, అందులో తేలింది రాగి. మరుసటేడు మిస్సోరీలో ఇంట్లో చేసిన కేకు మీది పసుపు పూలు తిన్న ఒక బిడ్డ రక్తంలో సీసం కనిపించింది. ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో ఈ రెండు ఘటనలనూ కలిపి హెచ్చరిక రాసింది. ‘తినదగినది’ అని స్పష్టంగా, లోపల ఏమేం ఉన్నాయో సహా రాసిలేని పొడి అలంకారానికే, ఆహారానికి కాదు. ఫ్యాన్సీ స్టోర్లో చిన్న డబ్బాలో దొరికే మెరుపు చేతి గాజులకు బాగుంటుంది.

రంగులదీ అదే కథ. 2024లో కర్ణాటక ఆహార భద్రతా శాఖ 235 కేకు నమూనాలు పరీక్షిస్తే 12 సురక్షితం కాదని తేలాయి, కృత్రిమ రంగులే కారణం. ఎక్కువగా రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్. బేకరీలవే అలా ఉంటే కొలత తెలియక చెంచాలతో పోసే ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. లేత గులాబీకి బీట్‌రూట్ రసం చాలు, చిక్కబడేదాకా కాచి చల్లార్చి చుక్కలుగా కలపాలి. పసుపు చిటికెడు దాటితే వాసన వచ్చేస్తుంది కానీ చిటికెడుకు మంచి నిమ్మపండు రంగే వస్తుంది. ఎర్రటి ఎరుపు ఇంట్లో రాదు. రాకపోతే పోయే.

నాజిల్ పువ్వు రాక నిజం పూలు గుచ్చేవాళ్లూ ఉన్నారు. పెరట్లో మందు కొట్టని గులాబీ అయితే సరే. పూలకొట్టు బంతి మీద ఏ పురుగుమందు పడిందో ఎవరికీ తెలియదు. గన్నేరు మాత్రం కేకు దరిదాపులకు రానివ్వకూడదు. ఊరూరా రోడ్డు పక్కన విరగబూసే ఆ పువ్వు, ఆకు, కొమ్మ అన్నీ విషమే. పొట్లం చుట్టడానికి పాత న్యూస్‌పేపర్ కూడా వద్దు. ఆహారాన్ని వార్తాపత్రికలో చుట్టడాన్ని 2018 ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి. ఈ మాట ఒక పత్రికే రాయాల్సి రావడం కాస్త తమాషా. ఇక స్నో స్ప్రే కొట్టి, దాని పక్కనే నిప్పురవ్వల కొవ్వొత్తి వెలిగించే వేడుక గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. ఆ డబ్బాలో స్ప్రేను తోసేది మండే వాయువు అన్న ఒక్క ముక్క చాలు.

బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సులు ఏళ్లుగా నడుస్తున్నాయి. బేకింగ్ నేర్పేచోట మొదటి రోజు బల్ల మీద నాజిళ్ల పెట్టె పరచడం మానుకుంటే బాగుంటుంది. ఉడికించిన ఆలుగడ్డ ముద్ద, బటర్ పేపర్, బోర్లించిన స్టీలు పళ్లెం చాలు. పిండడం, గీకి తీయడం, మళ్లీ పిండడం, ఖర్చు లేకుండా సాయంత్రం దాకా సాధన అవుతుంది. నేర్పేవాళ్లు సకినాల లెక్కతో మొదలుపెడితే మధ్యాహ్నానికే సగం తరగతి గవ్వల అంచు వేసేస్తుంది. రెండో రోజంతా శుభ్రత, రంగులు, తేదీలు, క్రీము నిల్వ, అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకోవడం ఎలా అన్నదాని మీద పెట్టాలి. ఇప్పుడు చాలా ఆన్‌లైన్ క్లాసుల్లో చివరి పది నిమిషాల్లో తేల్చేసేది ఇదే.

పొదుపు సంఘం అప్పుతో ఈ పని మొదలుపెట్టే అక్కలు ముందు కాటా కొనాలి, ఫ్రిజ్ లేకపోతే ఫ్రిజ్‌కు పెట్టాలి. తిరిగే పీట, మంచి నాజిళ్లు ఇంటికొకటి అక్కరలేదు. పెళ్లిళ్లకు గుండిగలు, గంటెలు ఊరుమ్మడిగా కొని కిరాయికి ఇచ్చే సంఘాలు పల్లెల్లో కొత్త కాదు. ఆ సామాన్లు పెట్టే అరలోనే ఒక పీట, ఆరు నాజిళ్లు, ఒక బీటర్ పెట్టుకోవచ్చు. ఏ తారీఖున ఎవరికి కావాలో రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం, నాజిళ్లు కడగకుండా తిరిగిచ్చినవాళ్లకు పది రూపాయల జరిమానా ఉంటే సరిపోతుంది.